పిల్లల తల్లికి రోజువారీ బట్టలు: ముందు కష్టమైన గంట సంగతి చూడండి

మీకు ఆరేళ్ల పాప, తొమ్మిది నెలల బాబు. ఇంకో నెలలో మళ్లీ ఆఫీసు. బీరువా నిండా బట్టలున్నా సరిపోయేవి నాలుగు వదులు టీషర్టులు, లెగ్గింగ్సే. తయారవడానికి ఐదు నిమిషాలు కూడా దొరకవు. ఎన్ని జతలు కావాలి, ఏ రంగులు బాగుంటాయి, పొట్ట కనబడకుండా బిగుతు ఇన్నర్ వేసుకోవచ్చా అని అడిగారు. చాలా ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతూ, సరిచేసి ఇస్తూ ఉన్నాను. కాన్పు తర్వాత వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఈ మూడే అడుగుతారు. మూడింటికీ జవాబు చెబుతాను గానీ, ముందు నేనొకటి అడగాలి. మీ రోజులో అన్నిటికన్నా కష్టమైన గంట ఏది?

ఎక్కువమందికి అది పొద్దున ఇల్లు కదలడానికి ముందు గంట, లేదంటే సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టాక మొదటి గంట. చంకలో పిల్లాడు, భుజాన బ్యాగు, కిందపడ్డ బొమ్మ కోసం వంగడం, పెద్దదాని షూ లేసులు కట్టడానికి గొంతుక్కూర్చోవడం, మధ్యలో పాలు, చొంగ, తడి చేతులు. ఆ గంటను తట్టుకున్న బట్టలు మిగతా రోజంతా ఎలాగూ నిలబడతాయి. కానీ మనం కొనేది ఎలా? ట్రయల్ రూములో నిటారుగా నిలబడి, పొట్ట లోపలికి లాక్కుని, అద్దంలో ముందువైపు మాత్రమే చూసుకుని కొంటాం. ఇంటికొచ్చాక అవి బీరువాలో ఉండిపోతాయి.

కాబట్టి కొత్తదైనా పాతదైనా, వేసుకున్నాక అద్దం ముందు కాస్త కదిలి చూడండి. ముందుకు వంగితే మెడ ఎంత తెరుచుకుంటోందో చూడండి. మాటిమాటికీ చేత్తో అదిమి పట్టుకోవాల్సి వస్తే ఆ టాప్ మీకు పనికిరాదు, ఎంత అందంగా ఉన్నా సరే. రెండు చేతులూ పైకెత్తండి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చంక లోతుగా, వదులుగా ఉంటే హాయిగా ఉంటుందనుకుంటాం. నిజానికి చంక కిందికి దిగేకొద్దీ చెయ్యెత్తినప్పుడు టాప్ మొత్తం పైకి లేచి నడుము బయటపడుతుంది. చంక దగ్గర ఒంటికి దగ్గరగా ఉండి, ఛాతీ కింద నుంచి వదులుగా దిగే కటింగే చెయ్యిని కదలనిస్తుంది. చూడటానికి కూడా అదే నీటుగా ఉంటుంది. ఒంటికన్నా రెండు సైజులు పెద్ద టీషర్టు వేసుకుంటే లావుగా కనిపించడానికి కారణం పొట్ట కాదు, భుజం కుట్టు చేతి మీదికి జారిపోవడం. భుజం కుట్టు భుజం ఎముక చివర ఆగితే మిగతాది ఎంత వదులుగా ఉన్నా కుదిరినట్టే కనిపిస్తుంది.

తర్వాత గొంతుక్కూర్చోండి. ప్యాంటు వెనక నడుము దగ్గర జారిపోతుంటే అది పొట్టి రైజ్ ప్యాంటు, అంటే కాళ్ల మధ్య కుట్టు నుంచి నడుముపట్టీ దాకా ఎత్తు తక్కువున్నది. పిల్లల వెంట తిరిగేవాళ్లకు బొడ్డు దాకా వచ్చే రైజ్ కావాలి, ముందుకన్నా వెనక ఇంకాస్త ఎత్తుంటే మరీ మంచిది. చివరగా బాబును చంకనెత్తుకోండి. పక్క జిప్పు, బెల్టు బకిల్, పెద్ద మెటల్ గుండీ ఏదైనా వాడి కాలికో పొట్టకో గుచ్చుకుంటుందేమో చూడండి.

ఇక ఒళ్లు. బిడ్డ పుట్టాక గర్భసంచి పాత పరిమాణానికి రావడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. దాంతో అన్నీ ఆరు వారాల్లో సర్దుకోవాలనే ఒక లెక్క జనంలో ఉండిపోయింది. పొట్ట కండరాలు, తుంటి, పక్కటెముకల దగ్గర వెడల్పు అంత తొందరగా మారవు, కొన్ని పాత కొలతకు రాకపోవచ్చు కూడా. పాదాలు సైతం అంతే. గర్భంతో పెరిగిన బరువుకు, కీళ్లను వదులుచేసే హార్మోన్లు తోడై పాదం వంపు కాస్త దిగి పొడవు పెరగడం ఉంది. కొందరిలో అది అలాగే ఉండిపోతుంది. పాత చెప్పులు కరుస్తున్నాయంటే తోలు బిగిసిందని కాదు, మీ కొలత మారిందని. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలిపించుకోండి.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సిన కొలత మాత్రం బ్రాది. టాప్ కుదరలేదని నా దగ్గరికి తెచ్చేవాటిలో చాలావాటికి నేను కత్తెర పెట్టను, ముందు బ్రా మార్చుకుని రమ్మంటాను. పాలిచ్చే రోజుల్లో ఛాతీ కొలత పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఉంటుంది. వెనక బ్యాండ్ పైకి ఎగబాకుతుంటే బ్యాండ్ వదులైందని అర్థం. బరువు మోయాల్సింది ఆ బ్యాండే. అది వదులైతే బరువంతా భుజాల పట్టీల మీద పడి మెడ, భుజాలు లాగుతాయి. కొత్తది కొనేటప్పుడు అన్నిటికన్నా వదులు హుక్కు దగ్గర సరిపోవాలి. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులకు జరుపుకోవచ్చు. బాబు పాలు మానేసిన కొన్ని వారాలకు ఇంకోసారి కొలుచుకోవాలి, కాబట్టి ఇప్పుడే అరడజను కొనేయకండి.

బీరువాలో ఉన్న పాత బట్టల్ని ఏం చేయాలో మీరు అడగలేదు గానీ, పొద్దున మీ టైమంతా తినేస్తున్నది అవే. సరిపోనివాటిని ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టేయండి. పారేయమనను. రోజూ తలుపు తీయగానే ఎదురుగా వేలాడే, ఒంటికి ఎక్కని ప్యాంటు వల్ల మాత్రం ఏ మేలూ లేదు. వాటిలో మనసుకు బాగా నచ్చినవి రెండు మూడు తీసి టైలర్‌కు చూపించండి. వెళ్లేముందు వాటిని తిరగేసి లోపలి కుట్ల పక్కన ఎంత గుడ్డ వదిలారో చూసుకోండి. పక్క కుట్ల దగ్గర వేలెడు వెడల్పు మార్జిన్ ఉంటే వదులు చేయడం చిన్న పని. ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా చుట్టే మెషిన్ కుట్టు) కొట్టి మార్జిన్ మొత్తం కోసేసిన రెడీమేడ్ బట్టల్లో వదులు చేయడానికి ఏమీ మిగలదు, పక్కన వేరే గుడ్డ అతకాల్సిందే. పొడవు తగ్గించడం, చేతులు పొట్టిచేయడం, పక్కలు బిగించడం తేలిక. భుజాలు, చంక రౌండు, ప్యాంటు సీటు మార్చడం అంటే సగం బట్ట విప్పి మళ్లీ కుట్టినట్టే, అంత ఖర్చు పెట్టే ముందు ఆలోచించండి. కుట్టు విప్పిన చోట పాత గీత, సూది రంధ్రాలు కనబడతాయా అని కూడా అడగండి. బాగా వెలిసిన బట్టలోనూ, పట్టులాంటి సన్నని నేతలోనూ ఆ గీత దాచలేం.

ఇప్పుడు గుడ్డ. నాకు ఎక్కువ మాటలు వచ్చేది ఇక్కడే, ఓపిక పట్టండి. కాటన్ గాలిలోని తేమను తన బరువులో సుమారు 8 శాతం దాకా పట్టుకుంటుంది, పాలిస్టర్ అరశాతం కూడా పట్టుకోదు. అందుకే పాలిస్టర్ తొందరగా ఆరుతుంది, నలగదు, కానీ పిల్లాణ్ణి ఎత్తుకుని పరిగెత్తినప్పుడు చెమట ఒంటి మీదే ఉండిపోతుంది. ఆ చెమట వాసన కూడా పాలిస్టర్‌ను ఒక పట్టాన వదలదు. పూర్తి కాటన్‌కు ఇస్త్రీ కావాలి. రోజూ ఇస్త్రీ చేసే ఓపిక ఉన్న తల్లిని నేను ఇంతవరకు చూడలేదు. ఆఫీసుకు కాటన్ ఎక్కువగా, పాలిస్టర్ తక్కువగా కలిసిన గుడ్డ మధ్యేమార్గం. కొనేటప్పుడు అంచును పిడికిట్లో గట్టిగా నలిపి పదంకెలు లెక్కపెట్టి వదలండి. ముడతలు అలాగే నిలిచిపోతే మధ్యాహ్నానికి మీ ఒడి దగ్గర కూడా అలాగే ఉంటుంది.

విస్కోస్, రేయాన్ అని అమ్మేవి మెత్తగా, జారుడుగా, ఒంటికి చల్లగా ఉంటాయి. నాకూ ఇష్టమే. వాటి బలహీనత తడి. కాటన్ పోగు తడిస్తే బలం పెరుగుతుంది, విస్కోస్ పోగు తడిస్తే చాలా బలం కోల్పోతుంది. గట్టిగా పిండితే సాగి ఆకారం పోతుంది, కుట్ల దగ్గర గుడ్డ విచ్చుకుంటుంది. మెషిన్‌లో వేయక తప్పదంటే వల సంచిలో వేసి తక్కువ స్పిన్ పెట్టండి. కుట్టించుకోవడానికి గుడ్డ తీసుకుంటే, కాటనైనా రేయానైనా, ముందొకసారి నీళ్లలో వేసి ఆరబెట్టి ఇవ్వండి. కుట్టాక కుదించుకుపోతే టైలర్ చేసేదేమీ ఉండదు.

సాగే గుడ్డకు లైక్రా అని మనం పిలిచేది ఎలాస్టేన్. ప్యాంట్లలో 2 నుంచి 5 శాతం కలిస్తే చాలు, కూర్చుని లేవడానికి సరిపడా సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. దాన్ని పాడుచేసేవి వేడి, క్లోరిన్ బ్లీచ్. మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడే లెగ్గింగ్స్‌ను చూస్తే చాలాసార్లు డ్రైయర్ వేడో బ్లీచో కారణమై ఉంటుంది. లేబుల్ మీద ముక్కోణం కొట్టేసి ఉంటే బ్లీచ్ వద్దని, తొట్టి బొమ్మలోని అంకె నీటి వేడి ఎన్ని డిగ్రీలు దాటకూడదో అని, తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకాలని అర్థం. చేత్తో ఉతకాల్సినవి, డ్రై క్లీన్ మాత్రమే అని రాసినవి రోజువారీ బట్టల్లోకి రానివ్వకండి. అవి ఉతికిన రోజుకన్నా బుట్టలో మూలిగే రోజులే ఎక్కువ.

మరకల సంగతి రంగులతో కలిపే చెప్పాలి. పాలు, కక్కు, రక్తం ప్రొటీన్ మరకలు. వేడినీళ్లు తగిలితే ప్రొటీన్ గట్టిపడి పోగుకు పట్టేస్తుంది, కాబట్టి ముందు చల్లనీళ్లతో వెనకవైపు నుంచి తోయాలి. పాలలో కొవ్వు కూడా ఉంటుంది గనక ఆపైన గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క రుద్దితే సరిపోతుంది. ఎంజైమ్ డిటర్జెంట్లు వీటికి బాగా పనిచేస్తాయి. కానీ పట్టు, ఉన్ని కూడా ప్రొటీన్లే, ఆ ఎంజైములు వాటినీ తింటాయి.

నలుపు అన్నిటినీ దాస్తుందని అనుకుంటారు. పాలచుక్క, పౌడరు, నూగు నలుపు మీద కనిపించినంతగా ఇంకే రంగు మీదా కనిపించవు. తెలుపు సంగతి చెప్పక్కర్లేదు. మరకను నిజంగా దాచేవి నడిమి రంగుల మీద రెండు మూడు ఛాయలు కలిసిన చిన్న ప్రింట్లు. తడి చుక్క కూడా ప్రింటులో కలిసిపోతుంది. పాలు కారే రోజుల్లో ఆఫీసులో ఉండేవాళ్లకు అది చాలా ధైర్యం. సాదా లేత బూడిద రంగు మాత్రం ఒద్దు, తడి చుక్కను దానంత ఎత్తి చూపే రంగు లేదు.

మీ ఒంటి రంగుకు ఏది నప్పుతుందో చార్టులు చూసి తేల్చుకోవడం నాకు నచ్చదు. పగటి వెలుతురులో కిటికీ పక్కన నిలబడి గుడ్డను గడ్డం కింద పెట్టుకోండి. కళ్ల కింద నలుపు ఎక్కువగా కనిపిస్తోందా, తగ్గిందా? నిద్రలేని మొహానికి ఈ ఒక్క పరీక్ష చాలు. నప్పే రంగులు రెండో మూడో దొరికితే అవి మెడ దగ్గర ఉండేలా చూసుకోండి, నడుము కింద ముదురు సాదా రంగు ఏదైనా ఫర్వాలేదు. కింద సాదా, పైన ప్రింటు అని ఒకసారి అనుకుంటే పొద్దున చీకట్లో చేతికి తగిలిన రెండూ జతపడిపోతాయి.

ఎన్ని కావాలన్నది ఫ్యాషన్ లెక్క కాదు, ఉతుకుడు లెక్క. మీ ఇంట్లో ఎన్ని రోజులకోసారి ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టడం పూర్తవుతుంది? నిజంగా పూర్తయ్యే రోజుల లెక్క చెప్పుకోండి, అనుకున్న రోజులది కాదు. నాలుగు రోజులైతే నాలుగు టాప్‌లు, మధ్యలో పాడయ్యేవాటికి ఇంకో రెండు. ప్యాంట్లు మూడు చాలు. అన్నీ అన్నిటితో కలిస్తే ఆరు మూళ్లు పద్దెనిమిది జతలు. ఒక టాప్ ఒకే ప్యాంటు మీదికి పనికొస్తే ఆ లెక్క కూలిపోతుంది, కాబట్టి అలాంటిది కొనకండి. ఇన్ని వస్తువులే ఉండాలి అని బయట చెప్పే అంకెలను పట్టించుకోనక్కర్లేదు. 1985లో డిజైనర్ డోనా కరన్ ఏడు వస్తువులతో ఉద్యోగినులకు వార్డ్‌రోబ్ తయారుచేసి పెద్ద పేరు తెచ్చుకుంది. దానికి మూలం ఒంటికి అతుక్కుని కాళ్ల మధ్య బిగించుకునే బాడీసూట్. పిల్లాణ్ణి చంకనేసుకుని బాత్రూముకు పరిగెత్తే మనిషికి అది ఎంత సుఖమో మీరే ఊహించుకోండి.

నాకు అంతకన్నా ముద్దొచ్చేది 1942లో అమెరికన్ డిజైనర్ క్లేర్ మెకార్డెల్ చేసిన పాపోవర్ డ్రెస్. యుద్ధం రోజుల్లో ఇంట్లో పనికి సాయం దొరకని ఆడవాళ్ల కోసం చేసింది. ముందువైపు ఒకదాని మీద ఒకటి మడిచి కట్టుకునే డెనిమ్ గౌను, పెద్ద జేబు, వంటింట్లో వేడివి పట్టుకోవడానికి దాంతోపాటే ఒక గ్లవ్. ముందు మడిచి కట్టుకునే పద్ధతి ఒంటి కొలత మారుతున్నవాళ్లకు ఇప్పటికీ పనికొచ్చేదే, నడుము దగ్గర ముడి జరిపితే సరిపోతుంది. జేబు సంగతి వేరే చెప్పాలా? జేబు లేని ప్యాంటు కొనకండి. ఇప్పటికే ఉన్న టాప్‌లకు పక్క కుట్టులో జేబు పెట్టించడం టైలర్‌కు చిన్న పని. కాకపోతే గుడ్డ మరీ పల్చగా ఉంటే ఫోను బరువుకు పక్క సాగుతుంది, అక్కడ లోపల చిన్న పట్టీ వేయమనండి.

ఆఫీసు రోజులకు ఇంకొన్ని. ఒకే ముక్కగా ఉండే డ్రెస్సులు, మెడ బిగుతుగా ఉండేవి పాలివ్వడానికీ పాలు తీసే పంపు పెట్టుకోవడానికీ కుదరవు. పైన కింద వేరువేరుగా ఉండి, ముందు గుండీలున్నవి చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్లు, ఆపైన కూడా పాలు కొనసాగించమంటోంది, కాబట్టి ఈ టాప్‌లు నాలుగు రోజుల సరుకు కాదు. గుండీల మధ్య సందు విచ్చుకుంటుంటే లోపల చిన్న ప్రెస్ బటన్ కుట్టుకోండి. ముదురు రంగు జాకెట్టో కార్డిగనో ఒకటి ఆఫీసులోనే వదిలేయండి. లోపల ఏది వేసుకున్నా, దానిమీద ఏం పడినా, మీటింగుకు అది చాలు. ఇంట్లో మాత్రం మీ ఆయన పాత షర్టో, ఏదో ఒక పాత షర్టో తలుపు దగ్గర వేలాడదీసుకుని, బాబును అప్పగించేదాకా ఆఫీసు బట్టల మీద అదే వేసుకుని తిరగండి.

రాత్రి పడుకునే ముందు పైదీ కిందదీ ఇన్నర్లతో సహా ఒకే హ్యాంగర్‌కు తగిలించేస్తే పొద్దున నిర్ణయాలేమీ ఉండవు. ఇది అందరూ చెప్పేదే, పనిచేస్తుంది కాబట్టి నేనూ చెబుతున్నాను.

స్టైల్ అంటే ఏమిటో నాకు పెద్ద సిద్ధాంతం లేదు. మనిషిని గుర్తుపట్టేది ఆమె రోజూ మళ్లీ మళ్లీ చేసే ఒకట్రెండు చిన్న విషయాలతో. ఎప్పుడూ మోచేతి దాకా మడిచిన చేతులు, ఎప్పుడూ ఒకే రకం మెడ, ఒక మంచి వాచీ, ఏదో ఒక రంగు. మీకు ఏది సుఖంగా ఉందో అది పట్టుకుని వదలకండి. ఈ రెండేళ్లూ వేలాడే కమ్మలు, పూసల దండలు పక్కనపెట్టండి. బాబు లాగితే చెవి తెగుతుంది, తెగిన పూస వాడి నోట్లోకి పోతుంది. చెవికి అంటుకునే చిన్న కమ్మలు చాలు. కాన్పయ్యాక మూడు నెలల నుంచి జుట్టు రాలడం మామూలే. ఆ వెంట్రుకలు పసివాళ్ల కాలివేళ్లకు చుట్టుకుని రక్తం ఆగిపోయేలా బిగుసుకునే సందర్భాలున్నాయి. సాక్సులు తీసినప్పుడు వేళ్లు ఒకసారి చూస్తుండండి, ఇంట్లో జుట్టు ముడేసుకోండి.

ఇక మీ చివరి ప్రశ్న, బిగుతు ఇన్నర్. ఏదైనా ఫంక్షన్‌కు రెండు గంటలు వేసుకుంటే మునిగిపోయేదేమీ లేదు. రోజంతా ఆఫీసులో కూర్చుని వేసుకోవద్దనే నేనంటాను. పొట్ట మీద ఒత్తిడికి గుండెల్లో మంట, ఊపిరి పూర్తిగా తీసుకోలేకపోవడం మొదలవుతాయి, వెన్ను మీద గీతలు పడతాయి, పంపు పెట్టుకునేటప్పుడు విప్పుకోవడం నరకం. పొట్ట కండరాలు మధ్యలో విడిపోయి ఉంటే బిగించి కట్టినంత మాత్రాన అవి దగ్గరికి రావు. పడుకుని తల కొంచెం ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గట్టు లాగా లేస్తుంటే బట్టల కొట్టుకు కాదు, ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి. బట్టలతో చేయగలిగింది ఇంతే: బొడ్డు పైదాకా వచ్చే, వెడల్పు నడుముపట్టీ ఉన్న ప్యాంటు, దానిమీద తుంటి ఎముక దాటి దిగే, భుజాల దగ్గర కుదిరిన టాప్. సన్నటి ఎలాస్టిక్ పొట్టను రెండు ముక్కలుగా కోసినట్టు చూపిస్తుంది, నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ అలా కోయదు.

నెల రోజులుంది కాబట్టి తొందర లేదు. ఈ వారం బ్రా కొలత, ఆపైన ఒక మంచి ప్యాంటు, సరైన కొలత చెప్పులు. టాప్‌లు ఆ తర్వాతే. ఆఫీసు మొదలయ్యే ముందు ఒక రోజు ఆ బట్టలతోనే ఇంట్లో పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉండి చూడండి, పాలివ్వడం, బాబును ఎత్తుకోవడం, అన్నీ వాటితోనే చేయండి. ఎక్కడ గుచ్చుకుంది, ఎక్కడ జారింది, దేన్ని మీరు పదేపదే లాక్కున్నారు అన్నది రాసుకుని టైలర్ దగ్గరికి వెళ్తే ఆయన పని సగం తేలికవుతుంది.